పులుపు వేరు, మందు వేరు

1875 మే నెలాఖరున అలర్ట్, డిస్కవరీ అనే రెండు బ్రిటిష్ ఓడలు పోర్ట్స్‌మత్ రేవు నుంచి ఉత్తర ధ్రువం దారి పట్టాయి. నాయకుడు జార్జ్ నేర్స్. తిండికి లోటు లేదు, బట్టకు లోటు లేదు, నిమ్మరసానికి అసలే లోటు లేదు. ఆ చలికాలమంతా నావికులందరికీ రోజూ లెక్కప్రకారం నిమ్మరసం పోశారు. తీరా వసంతం వచ్చి, స్లెడ్జి బళ్లు లాక్కుంటూ మంచు మీద బయలుదేరిన కొద్ది వారాలకే ఆ గట్టి మనుషులు కూలబడ్డారు. చిగుళ్లు ఉబ్బాయి, కాళ్ల మీద నల్లటి మచ్చలు లేచాయి, కీళ్లు బిగుసుకుపోయాయి. రోగం స్కర్వీ. 1876 శరదృతువుకల్లా ఓడలు వెనక్కి తిరిగొచ్చేశాయి. విచారణకు కూర్చున్న కమిటీ, స్లెడ్జి యాత్రల్లో నిమ్మరసం వెంట తీసుకెళ్లకపోవడమే తప్పని తేల్చింది. తీసుకెళ్లినా పెద్దగా ఒరిగేదేమీ లేదని, ఆ రసంలోనే పస లేదని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఆ పసలేని రసానికి జిన్ తోడైతే గిమ్లెట్. జిన్, నిమ్మ, పంచదార, ఐసు, అంతే. కాక్‌టెయిళ్లలో ఇంతకంటే పొదుపైనది దొరకడం కష్టం. దీన్ని ఇంట్లో ఎలా కలపాలో ఈ అధ్యాయంలో చెప్పబోతున్నాను. అయితే నిమ్మకాయ కోయడానికి ముందు, ఓడల మీద దానికి ఏం జరిగిందో తెలుసుకోవాలి. రసం రుచిని చెడగొట్టేవేవో, దాని మందు గుణాన్ని పోగొట్టేవీ దాదాపు అవే.

కథ 1747లో మొదలవుతుంది. సాలిస్‌బరీ అనే యుద్ధనౌకలో సర్జన్‌గా ఉన్న జేమ్స్ లిండ్, స్కర్వీ పట్టిన పన్నెండు మందిని ఎంచుకుని ఆరు జంటలుగా విడదీశాడు. అందరికీ ఒకే తిండి. మందు మాత్రం జంటకొకటి. ఒక జంటకు పులియబెట్టిన ఆపిల్ రసం, ఇంకో జంటకు పలచన చేసిన గంధకామ్లం, మరో జంటకు వెనిగర్, ఒక జంటకు సముద్రపు నీళ్లు, ఒక జంటకు వెల్లుల్లి, ఆవాలు వగైరా నూరిన ముద్ద. ఆరో జంటకు రోజుకు రెండు నారింజలు, ఒక లెమన్. ఆరు రోజులకే పళ్లు అయిపోయాయి. అయితేనేం, ఆ జంటలో ఒకడు డ్యూటీ ఎక్కేశాడు, రెండోవాడు మిగతా రోగులకు సేవ చేసే స్థితికి వచ్చాడు.

ఈ జాబితాలో వెనిగర్, గంధకామ్లం ఎందుకున్నాయో గమనించండి. స్కర్వీకి విరుగుడు పులుపేనని ఆ రోజుల వైద్యుల గట్టి నమ్మకం. పళ్లు తిన్నవాళ్లు లేచారు, వెనిగర్ తాగినవాళ్లు లేవలేదు. పులుపు సిద్ధాంతం అక్కడికక్కడే కూలిపోవాల్సింది, కూలలేదు. లిండ్ కూడా 1753లో అచ్చువేసిన తన గ్రంథంలో, రసాన్ని సన్నని సెగ మీద గంటల తరబడి ఇగరబెట్టి పాకంలా నిలవ చేసుకోమని సలహా ఇచ్చాడు. ఆ సెగతో పులుపు చిక్కబడుతుంది, మందు చచ్చిపోతుంది. తాను కనిపెట్టినదాన్ని తానే పొయ్యి మీద పెట్టాడు పాపం. బ్రిటిష్ నౌకాదళం లెమన్ రసాన్ని అందరికీ పంచడం మొదలుపెట్టేసరికి 1795 వచ్చింది. అక్కడి నుంచి కొన్ని దశాబ్దాల పాటు దళంలో స్కర్వీ దాదాపు కనబడలేదు.

1860ల్లో ఆ పండు మారిపోయింది. మధ్యధరా లెమన్ల స్థానంలోకి బ్రిటిష్ వలసలైన వెస్టిండీస్ దీవుల లైమ్ వచ్చింది. సొంత తోటలుండగా పరాయి దేశం దగ్గర కొనడమెందుకన్న లెక్క అది. పులుపులో లైమ్ ఏమాత్రం తీసిపోదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తెలుగు పాఠకుడికి ఇక్కడో చిన్న పరిచయం అవసరం. ఆ వెస్టిండీస్ లైమ్ మనకు కొత్తదేమీ కాదు, మన కాగితపు నిమ్మే. గూడూరు, తెనాలి మార్కెట్లలో బస్తాలకెత్తే కాయది అదే జాతి. ఆసియాలో పుట్టి, అరబ్బు వర్తకుల వెంట పడమటికి వెళ్లి, కొలంబస్ తర్వాత స్పానిష్ ఓడల్లో అట్లాంటిక్ దాటింది. లెమన్‌కూ దీనికీ చుట్టరికం ఉంది. జన్యు పరీక్షల ప్రకారం రెంటికీ తండ్రి మాదీఫలమే. తల్లులు వేరు. లెమన్‌కు తల్లి పుల్ల నారింజ, మన నిమ్మకు తల్లి ఫిలిప్పీన్స్ వైపు పెరిగే ఒక అడవి నిమ్మ.

నేటి పోషక పట్టికల్లో చూస్తే 100 గ్రాముల లెమన్ రసంలో స్కర్వీకి అసలు మందైన విటమిన్ సి 39 మిల్లీగ్రాముల చుట్టూ, మన నిమ్మరసంలో 30 చుట్టూ ఉంటుంది. తక్కువే, నిజమే. ఆ తేడా ఒక్కటే ఒక యాత్రను కూల్చదు. కాబట్టి నా దృష్టిలో పండు కంటే పీపాదే పెద్ద నేరం. విటమిన్ సి అనే ఆస్కార్బిక్ ఆమ్లం గాలిలోని ఆక్సిజన్ తగిలితే చెడుతుంది, వేడికి చెడుతుంది, వెలుతురుకు చెడుతుంది. రాగి తగిలితే మరీ వేగంగా చెడుతుంది. రాగి అయాన్లు కాసిని ఉన్నా చాలు, ఆక్సిజన్‌తో చర్య ఎన్నో రెట్లు పరుగెడుతుంది. వెస్టిండీస్ రసమేమో గాలి తగిలే తొట్లలో నిలవుండి, రాగి గొట్టాల గుండా పారి, నెలల తరబడి నిలవై ఓడలకు చేరేది. మన ఇళ్లలో కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు పెట్టనివ్వరు కదా. అక్కడి భయం చిలుము గురించి, విటమిన్ గురించి కాదు. కానీ పులుపునూ రాగినీ దూరంగా ఉంచాలన్న ఆ పట్టింపు లండన్ అధికారులకు ఉంటే ఎంత బాగుండేదో!

గుట్టు రట్టయింది ఇరవయ్యో శతాబ్దంలో. నార్వేలో 1907లో హోల్స్ట్, ఫ్రోలిష్ అనే ఇద్దరు గినీ పందులకు స్కర్వీ తెప్పించగలిగారు. దాంతో పరీక్షించడానికి ఒక జంతువు దొరికింది. 1918లో లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో హారియెట్ చిక్, ఆమె సహచరులు లెమన్‌నూ లైమ్‌నూ పక్కపక్కన పెట్టి చూశారు. తాజా లైమ్ రసం శక్తి లెమన్‌లో నాలుగో వంతేనని, నిలవ చేసిన లైమ్ రసం దాదాపు దండగేనని తేల్చారు. అదే బృందంలోని ఆలిస్ హెండర్సన్ స్మిత్ పాత నౌకాదళ రికార్డులు తిరగేసి, పండు ఎప్పుడు మారిందో, రోగం ఎప్పుడు తిరిగొచ్చిందో జత కలిపింది. ఆ పదార్థాన్ని 1928లో ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ వేరుచేశాడు, అదే విటమిన్ సి అని 1932కి రుజువైంది. తర్వాత అతను దాన్ని కిలోల లెక్కన తీసింది నిమ్మ నుంచి కాదు, హంగరీ మిరపకాయల నుంచి.

పులుపుకూ విటమిన్‌కూ ముడిపెట్టే అలవాటు మనకూ ఉంది. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లానిది. అందులో విటమిన్ సి నామమాత్రం. పులుపన్నదే లేని మాగిన జామపండులో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. నిమ్మరసంలో నాలుకను పట్టి లాగేది సిట్రిక్ ఆమ్లం. రసంలో అది ఆరు శాతం దాకా ఉంటుంది. ఆస్కార్బిక్ ఆమ్లం దాని పక్కన లెక్కలోకే రానంత తక్కువ. విచిత్రమేమిటంటే, సిట్రిక్ ఆమ్లం పేరుతో ప్రసిద్ధమైన జీవరసాయన చక్రాన్ని 1937లో విడమరచి చెప్పిన హాన్స్ క్రెబ్సే, యుద్ధకాలంలో షెఫీల్డ్‌లో ఇరవై మంది స్వచ్ఛంద సేవకుల మీద విటమిన్ సి పరీక్ష నడిపించాడు. స్కర్వీ రాకుండా ఉండటానికి రోజుకు 10 మిల్లీగ్రాములు చాలని అక్కడే తేలింది.

ఇక గిమ్లెట్. 1867లో బ్రిటన్ చట్టం చేసి వర్తక నౌకలన్నీ నిమ్మరసం మోయాల్సిందే అంది. అదే ఏడు స్కాట్లండ్‌లోని లీత్ రేవులో లాక్లన్ రోజ్ అనే వ్యాపారి, బ్రాందీయో రమ్మో కలపకుండా పంచదారతో రసాన్ని నిలవ ఉంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రోజెస్ లైమ్ కార్డియల్ పుట్టింది. ఓడలో అధికారుల దగ్గర జిన్ ఉండేది, ఈ కార్డియల్ ఉండేది. రెండూ ఒక గ్లాసులోకి చేరడానికి మేధావి అవసరం లేదు. థామస్ గిమ్లెట్ అనే నౌకాదళ సర్జన్ కలిపాడని ఒక కథ, పీపాలకు బెజ్జం వేసే చేతి బరమా పేరు మీదుగా వచ్చిందని మరో కథ. రెంటికీ గట్టి సాక్ష్యం లేదు. 1922లో హ్యారీ మెకెల్‌హోన్ పుస్తకంలో సగం ప్లిమత్ జిన్, సగం రోజెస్ అని అచ్చయింది. 1953లో రేమండ్ చాండ్లర్ తన డిటెక్టివ్ నవల ‘ది లాంగ్ గుడ్‌బై’లో ఒక పాత్ర చేత అసలు గిమ్లెట్ అంటే అదేనని చెప్పించాక, అది శాసనమైపోయింది.

ఆ శాసనాన్ని నేను పాటించను. సగానికి సగం కార్డియల్ పోస్తే దగ్గు మందుకు దగ్గరగా ఉంటుంది. పైగా సీసాలో నిమ్మ వాసన చెట్టు మీది నిమ్మ వాసన కాదు. కాయ తొక్కలో కమ్మదనమంతా సిట్రాల్ అనే పదార్థానిది. ఆమ్లంలో నిలవుంటే, ముఖ్యంగా వేడి తగిలితే, అది విరిగి వేరే వాసనలుగా మారిపోతుంది. నిమ్మ రుచి శీతల పానీయాల్లో వచ్చే ఆ పరిచితమైన వాసన అలా మారినదే. చెడ్డదని అనను, వేరేదంతే.

కాబట్టి తాజా కాయతోనే చేద్దాం. కాయ ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచాలి. అరచేతి కింద పెట్టి నొక్కుతూ దొర్లిస్తే లోపలి రసపు తిత్తులు పగులుతాయి. మంచి కాయ 15 నుంచి 20 మిల్లీలీటర్ల రసం ఇస్తుంది. పిండటానికి ముందు పైతొక్కను పీలర్‌తో పలచగా తీసి, చెంచాడు పంచదారలో వేసి నలపండి. పంచదార తొక్కలోని తడిని లాగుతుంది, తడి వెంట నూనె వస్తుంది. ఓ అరగంటకు పంచదార తడిసి, లేత పచ్చగా మారి, గది అంతా నిమ్మ చెట్టు వాసన వేస్తుంది. కాగితపు నిమ్మకు తొక్క మరీ పలచన కాబట్టి చెయ్యి నిదానించాలి. కింది తెల్లపొర వస్తే చేదు వస్తుంది. అదే పంచదారకు మరికొంత కలిపి, సమానంగా నీళ్లు పోసి కరిగిస్తే పాకం సిద్ధం. పొయ్యి అక్కర్లేదు.

నిమ్మరసాన్ని మాత్రం పొయ్యి దగ్గరికి రానివ్వకండి. నిమ్మకాయ పులిహోర చేసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, గిన్నె దించాకే రసం పిండుతారు. కాయలో రుచిలేని ఒక పదార్థం ఉంటుంది. కాయను కోసి పిండగానే అది ఆమ్లంతో కలిసి మెల్లగా లిమోనిన్ అనే చేదుగా మారుతుంది. వేడి తగిలితే ఆ మార్పు ఇంకా వేగం. పొద్దున పిండిన రసం రాత్రికి చేదెక్కేది ఇందుకే. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. అమెరికా కాక్‌టెయిల్ పరిశోధకుడు డేవ్ ఆర్నాల్డ్ రకరకాల వయసు రసాలను రుచి చూపిస్తే, కొందరు అప్పుడే పిండినదాని కంటే కొన్ని గంటలు ఆగినదాన్నే మెచ్చుకున్నారట. కాస్త చేదు జిన్‌కు ఒదుగుతుంది కాబోలు. నేను మాత్రం అప్పటికప్పుడు పిండినదాని పక్షమే.

జిన్ అంటే జూనిపర్ కాయల వాసన పట్టించిన సారాయి. జూనిపర్ దేవదారుకు దూరపు చుట్టం, హిమాలయాల్లోనూ పెరుగుతుంది, ఆయుర్వేదంలో హపుష అంటారు. గోవాలో తయారయ్యే ఒక జిన్‌కు ఆ పేరే పెట్టారు. జూనిపర్ నూనెలో పైనీన్, లిమోనీన్ అనే పదార్థాలు ముఖ్యం. నిమ్మతొక్క నూనెలోనూ అవే ఉన్నాయి. రెండూ గ్లాసులో పరాయివాళ్లలా కాకుండా కలిసిపోయేది ఆ ఉమ్మడి అణువుల వల్లే.

కొలత: జిన్ 60 మిల్లీలీటర్లు, నిమ్మరసం 20, పాకం 20. రెండు వేళ్లకు పట్టేంత ఉప్పు. నిమ్మకాయ షర్బత్‌లో ఉప్పు ఎందుకేస్తామో ఇక్కడా అందుకే, సోడియం చేదును అణుస్తుంది. చల్లబడక ముందు రుచి చూస్తే తీపి ఒక పిసరు ఎక్కువగా అనిపించాలి. నాలుక మీద తీపిని పట్టే కణాల్లోని ఒక వాహిక చలికి మందగిస్తుంది కాబట్టి ఐసు పడ్డాక ఆ తీపి వెనక్కి తగ్గుతుంది.

ఇప్పుడు ఐసు. కాక్‌టెయిల్ శాస్త్రంలో సగం ఇక్కడే ఉంది. ఐసు సున్నా డిగ్రీల దగ్గర కరుగుతుంది గదా, మరి బాగా గిలక్కొట్టిన గిమ్లెట్ సున్నాకు అయిదారు డిగ్రీలు కిందికి ఎలా పోతుంది? మంచు ముక్క ఉపరితలం మీద ఎప్పుడూ రెండు పనులు జరుగుతుంటాయి. కొన్ని నీటి అణువులు ఊడి ద్రవంలోకి పోతాయి, కొన్ని ద్రవంలోంచి వచ్చి అతుక్కుంటాయి. ఆల్కహాల్, పంచదార కలిసిన ద్రవంలో నీటి అణువుల వాటా తగ్గుతుంది, అతుక్కునేవి తగ్గుతాయి, ఊడేవి మాత్రం ఊడుతూనే ఉంటాయి. అంటే సున్నాకు వచ్చాక కూడా కరగడం ఆగదు. కరగడానికి వేడి కావాలి. ఆ వేడిని ద్రవంలోంచే లాక్కుంటుంది. కుల్ఫీవాళ్లు ఐసులో ఉప్పు వేసేది ఈ సూత్రం మీదే.

ఒక గ్రాము ఐసు కరగడానికి 334 జూళ్లు. మన 100 మిల్లీలీటర్ల మిశ్రమం ఒక డిగ్రీ చల్లబడాలంటే దాదాపు 390 జూళ్లు బయటికి పోవాలి. ఇక లెక్క మీరే వేయొచ్చు. లండన్‌లో 20 డిగ్రీల గదిలో మొదలుపెట్టి మైనస్ అయిదుకు దించాలంటే 29 గ్రాముల ఐసు కరగాలి. విజయవాడలో, మే నెలలో, వంటింట్లో 35 డిగ్రీలుంటే 47 గ్రాములు కరగాలి. అదంతా నీళ్లుగా గ్లాసులోకే వస్తుంది. మొదటి గ్లాసులో ఆల్కహాల్ 20 శాతం, రెండో దాంట్లో పదిహేడున్నర. విదేశీ పుస్తకం చూసి అక్షరాలా కలిపినా మన ఇంట్లో పలచబడిపోయేది అందుకే. గిన్నె వేడి, ఐసు మీది తడి కూడా కలిస్తే ఇంకాస్త పలచన.

సరే, అన్నీ ఫ్రిజ్‌లో పెట్టేస్తే? అప్పుడు తిరకాసు ఇటు తిరుగుతుంది. అయిదు డిగ్రీల నుంచి మైనస్ అయిదుకు దిగడానికి 12 గ్రాముల ఐసు చాలు. ఆల్కహాల్ 23 శాతం దగ్గర ఆగి గొంతును గీరుతుంది. అప్పుడు చల్లని నీళ్లు ఇరవై మిల్లీలీటర్లు మీరే పోయాలి. నీళ్లు పోయడం మోసమనుకునేవాళ్లున్నారు. ఐసు చేసే పనిని చెంచాతో చేస్తున్నారంతే. మన ఎండలకు నేను సిఫార్సు చేసేది ఈ పద్ధతే, కొలత మన చేతిలో ఉంటుంది.

షేకర్ కొనక్కర్లేదు. వెడల్పు మూతి, గట్టి మూత ఉన్న స్టీలు సీసా చాలు. రాగి సీసా వద్దు, కారణం పైన చెప్పాను. ఫ్రీజర్ నుంచి తీసిన పెద్ద ముక్కలు ఆరేడు వేసి, మూత బిగించి, పన్నెండు పదిహేను సెకన్లు గట్టిగా ఊపండి. సీసా బయట తెల్లటి పొర కట్టి చెయ్యి మొద్దుబారితే అయినట్టే. అంతకు మించి ఊపినా ఉష్ణోగ్రత పెద్దగా దిగదు. టీ వడకట్టే జల్లెడ లోంచి చల్లటి గ్లాసులోకి వంపండి. లేత ఆకుపచ్చ మబ్బులా ఉంటుంది, పైన సన్నటి నురగ.

గ్లాసులో ఏముందో కూడా లెక్క చూద్దాం. 20 మిల్లీలీటర్ల తాజా రసంలో విటమిన్ సి ఆరు మిల్లీగ్రాములు. నేర్స్ నావికులకు దొరికినదాని కంటే ఇది నిజంగా మెరుగు కావచ్చు. మన దేశపు జిన్‌లో మామూలుగా ఉండే 42.8 శాతం లెక్కన ఆల్కహాల్ 20 గ్రాములు. చాలా దేశాలు ఒక పెగ్గుగా లెక్కించే 10 గ్రాములకు రెట్టింపు. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనా విభాగం 1988లోనే మొదటి వర్గంలో చేర్చింది. విటమిన్ కోసమైతే జామకాయ ముక్క చాలు. ఇంకో మాట. నిమ్మకు పేరుమోసిన ఉమ్మడి నెల్లూరు జిల్లాలోనే 1992 నాటి దూబగుంట ఆడవాళ్లు సారాకు వ్యతిరేకంగా కదిలారు. 1995లో వచ్చి 1997లో పోయిన మద్య నిషేధానికి పునాది వాళ్లదే. తెలుగులో కాక్‌టెయిల్ గురించి రాసేవాడు ఆ సంగతి తెలియనట్టు నటించలేడు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇరవై ఒక్కేళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. తాగనివాళ్లు జిన్ బదులు సోడా పోసుకుంటే తొక్క పాకంతో చేసిన ఆ షర్బత్ ఏ బండి మీదా దొరకదు.

కాయలు పిండాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ముఖ్యంగా మధ్యాహ్నం డాబా మీదికి వెళ్లేటట్టయితే. నిమ్మతొక్కలో ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలున్నాయి. చర్మం మీద పడ్డాక ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అవి కణాలకు అతుక్కుని కాల్చినట్టు బొబ్బలు లేపుతాయి. వెంటనే ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజులకు ఎర్రబడుతుంది, తగ్గాక నల్లమచ్చ వారాల తరబడి ఉండిపోతుంది. రసం కారిన దారి ఎటో ఆ మచ్చ అటే, మణికట్టు నుంచి మోచేతి దాకా చారలా.